ఒడ్డున ఎవరున్నారు

ఏటా మే నెలలో ఎండ కాస్త ముదరగానే కాలిఫోర్నియాలో మా డబ్లిన్ ఊళ్లో కారు రేడియో ఒకే మాట అందుకుంటుంది. కొండల మీద ఎండలు మండిపోతున్నాయి, నదుల జోలికి పోకండి అని. కొత్తగా వచ్చినవాళ్లు అది విని నవ్వుతారు. ఎండ కాస్తే నదికి ఏమవుతుంది, ఎండిపోతుంది గాని అంటారు. నాకు నవ్వు రాదు. రేడియో కట్టేసి, స్టీరింగ్ ఇంకాస్త గట్టిగా పట్టుకుంటాను.

మొన్న మా అమ్మాయి కూతురు వంటింట్లో నిలబడి కూలర్‌లో ఐసు నింపుతోంది. కాలేజీ స్నేహితులతో కలిసి సియెర్రా కొండల్లోకి వెళ్తుందట, నది ఒడ్డున టెంట్ వేసుకుంటారట.

"వెదర్ పర్ఫెక్ట్ అమ్మమ్మా. ఒక్క క్లౌడ్ కూడా లేదు, నేను చెక్ చేశాను" అంది.

ఏ నదే అని అడిగాను. చెప్పింది. నా చేతిలో ఉన్న చింతపండు గిన్నె సింకు పక్కన పెట్టేసి కుర్చీలో కూర్చున్నాను. చేతులకి ఇంకా చింతపండు వాసన వేస్తూనే ఉంది. ఆ వాసనకీ ఆ నది పేరుకీ మధ్య నేను మళ్లీ చిన్నపిల్లనైపోయాను.

ఆ పేరు ఇక్కడ రాయను. మా ఇంట్లో ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు. 'ఆ నది' అంటే అందరికీ తెలిసేది.

అప్పటికి మేం ఈ దేశం వచ్చి ఎన్నో ఏళ్లు కాలేదు. తెలుగు మాట వినపడాలంటే నాన్న ఆదివారం కారు తీసి ఇంకో ఊరికి పోవాలి. కరివేపాకు ఎవరైనా ఇండియా నుంచి వస్తే వాళ్ల హ్యాండ్‌బ్యాగులో వచ్చేది. చింతపండు మెక్సికన్ కొట్లో దొరికేది, పీచూ గింజా అన్నీ కలిపి. మాకొక పాత స్టేషన్ వ్యాగన్ ఉండేది. దాని వెనక సీటు వెనక్కి తిరిగి ఉండేది కాబట్టి నేనూ తమ్ముడూ ఎక్కడికి పోతున్నామో ఎప్పుడూ చూడలేదు, ఎక్కడినుంచి వచ్చామో మాత్రం చూసేవాళ్లం. ఎండకి కాలిన రెక్సిన్ సీటు తొడలకి అంటుకుపోయేది. లేస్తే చర్మం ఊడొచ్చినంత పని.

ఆ ఏడు నాన్న వాళ్లమ్మ, మా బామ్మ, ఆరు నెలలు ఉందామని వచ్చింది. గోదావరి ఒడ్డు మనిషి. వస్తూనే ఒక స్టవ్వూ రెండు గిన్నెలూ వేరే పెట్టించుకుంది. మడి కట్టుకుని తన వంట తనే చేసుకునేది. అమ్మ ఒక ల్యాబ్‌లో ఉద్యోగం చేసేది. పొద్దున్నే బస్సు అందుకునే మనిషికి మడి కట్టుకుని వండే తీరిక ఎక్కడిది? అందుకని బామ్మ వచ్చిన రోజు నుంచీ కోడలు వండిన అన్నం ఒక్క మెతుకు కూడా ముట్టలేదు. "నిన్నేమీ అనడం లేదే అమ్మాయ్, నా నియమం నాది" అనేది. కాని తను చేసిన కూర ఇంట్లో ఒక మనిషికి తిండి కిందికి రాదంటే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ఆ రోజుల్లో మా వంటింట్లో గిన్నెల చప్పుడు కాస్త ఎక్కువగానే ఉండేది.

అమ్మది అనంతపురం వైపు, పెన్నేటి పక్క ఊరు. బామ్మకి అదొక వేళాకోళం. "మీది ఏరు కాదే, ఇసక బాట. బళ్లు తోలుకోవచ్చు" అనేది. నాన్న కూడా వంత పాడేవాడు. అమ్మకి నీళ్లంటే భయం. మేం బాత్‌టబ్బులో ఆడుకుంటుంటే పని మానుకుని తలుపు దగ్గర నిలబడేది. తల్లీ కొడుకులు అది చూసి ఒకటే నవ్వు.

వైశాఖ మాసం వచ్చింది. బామ్మ తన ఎరుకలో వైశాఖ స్నానం మానలేదట. షవర్ కింద నిలబడి ఏడుపు ముఖం పెట్టింది. "ఒరేయ్ అబ్బాయ్, ఇంత దేశంలో ఒక నది లేదట్రా?"

నాన్నకి రోషం వచ్చింది. ఆయన వంతెనలు కట్టే ఇంజనీరు. పెట్రోలు బంకుల్లో ఊరికే ఇచ్చే మ్యాప్ ఒకటి తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచాడు. ఒక నీలం గీత మీద వేలు పెట్టి, ఇదిగో నది అన్నాడు.

"పుట్టిందెక్కడ?" అంది బామ్మ.

"మంచు కొండల్లో."

"కలిసేదెక్కడ? ఏ దిక్కుకి పారుతుంది? దారిలో ఏమేం తగుల్తాయి? ఇవేవీ తెలీకుండా సంకల్పం ఎలా చెప్పుకోను? ముక్కూ ముఖం తెలీని నదిలో మునగనురా నేను."

అలా మొదలైంది. నదిని కింది నుంచి పైదాకా చూపిస్తానన్నాడు నాన్న. సముద్రం దగ్గర మొదలెట్టి కొండ దాకా. "అత్తారింటి నించి పుట్టింటికి తీసుకెళ్తా పద" అన్నాడు. లాంగ్ వీకెండ్ వచ్చింది. అమ్మ పెద్ద స్టీలు డబ్బా నిండా పులిహోర కలిపింది. బామ్మ తన వంతుకి అరటిపళ్లూ, అటుకులూ, ఇత్తడి చెంబూ వేరే బుట్టలో సర్దుకుంది. అమ్మ కలిపిన పులిహోర డబ్బా తన బుట్టకి తగలకుండా మధ్యలో దుప్పటి పెట్టించింది. ఆ దుప్పటి చూసి అమ్మ పెదవులు బిగపట్టింది. కారు కదిలింది.

మొదట నది సముద్రపు పాయలో కలిసే చోటు. రెల్లు, బురద వాసన, కరకట్టలు. కట్ట మీద రోడ్డు, కిందికి పొలాలు. బామ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇది మా కోనసీమేరా!" అని చప్పట్లు కొట్టింది. తర్వాత మైదానం. ఎటు చూసినా తోటలు, తోటల మధ్య తాడు పట్టి గీసినట్టు కాలవలు. రోడ్డు పక్కన చెర్రీ పళ్లు అమ్ముతున్నారు. బామ్మ చెంబులో నీళ్లతో కడుక్కుని పళ్లు తిన్నది. నేనూ తమ్ముడూ దుప్పటి కింద చెయ్యి పెట్టి పులిహోర డబ్బా మూత తీసి పల్లీలు ఏరుకు తిన్నాం. వేళ్లకి పసుపు అంటితే సీటు కింద తుడిచాం.

తర్వాత కొండలు మొదలయ్యేచోట ఆనకట్ట. దాని వెనక ఊళ్లూ లోయలూ ముంచేసిన పెద్ద జలాశయం. బామ్మకి అది నచ్చలేదు. కట్టేసిన నీళ్లలో స్నానమేమిటి అంది. అక్కడినుంచి రోడ్డు సన్నబడింది. ఇంజను వేడెక్కింది. నది లోయ అడుగున పడిపోయి, రాళ్ల మధ్య తెల్లగా నురగలు కక్కుతూ మాకు ఎదురు వస్తోంది. కిటికీలు మూసినా ఆ హోరు లోపలికి వచ్చేది. అమ్మ ఆ దారి పొడుగునా కళ్లు మూసుకునే ఉంది. ఆ రాత్రి మోటల్లో ఆవకాయ వాసన బయటికి పోకుండా తలుపు కింద తువ్వాలు కుక్కింది.

మర్నాడు పొద్దున్న పైకి చేరాం. అక్కడ లోయ ఒక్కసారిగా వెడల్పయింది. చుట్టూ పచ్చిక, దాని వెనక పైన్ చెట్లు, వాటి పైన తెల్లగా మంచు. ఎండకి చెట్ల జిగురు కరిగి ఘాటు వాసన. కొండల్లోంచి వచ్చిన నది ఆ చదునులో గులకరాళ్ల మీద పరుచుకుని పాయలుగా చీలిపోయింది. నాన్న చెయ్యి చాపి చూపించాడు. "అదిగోనమ్మా, ఆ మంచే నది పుట్టిల్లు. అది కరిగితేనే ఇది."

ఆ మాట ఆయనే అన్నాడు. తర్వాత చాలా ఏళ్లు ఆయన్ని తొలిచేసిన మాట అదే.

మా ఒడ్డుకి దగ్గరగా ఉన్న పాయ పిక్కల లోతు కూడా లేదు. దాని అవతల గులకరాళ్ల దిబ్బ, దిబ్బ మధ్యలో సన్నాకుల పొదలు. దిబ్బకి అటువైపు అసలు ప్రవాహం.

"లంక!" అంది బామ్మ సంబరంగా. "పాయలో కాదురా, లంక అవతల అసలు నదిలో మునగాలి."

అమ్మ కారు దిగి నీళ్లకేసి చూసింది. తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "మీరు పోయి రండి. నేను ఒడ్డున ఉంటాను."

"ఇదేం పెన్నేరు కాదోయ్" అన్నాడు నాన్న.

"మా ఊళ్లో ఏట్లో చెలమ తవ్వేటప్పుడు ఒకరు గట్టు మీదే ఉంటారండీ. అందరూ దిగరు." చెలమ అంటే తాగే నీళ్ల కోసం ఎండిన ఏటి ఇసకలో తవ్వే గుంట. ఎక్కడో పైన కొండల్లో వాన పడితే, ఇక్కడ ఎండలో గుంట తవ్వుకుంటున్నవాళ్ల మీదికి నీళ్లు వచ్చేస్తాయి. గట్టు మీద మనిషి పైకే చూస్తూ ఉండాలి. అదీ వాళ్ల అలవాటు.

నాన్న నవ్వాడు. "ఆకాశం చూడు, మబ్బు తునక లేదు. వరద ఎక్కడ్నించి వస్తుంది?"

"మా ఊళ్లోనూ ఉండదు" అంది అమ్మ.

బామ్మ మూతి తిప్పింది. "మా వైపు లంకల్లో ఊళ్లే ఉన్నాయే తల్లీ. కొబ్బరి తోటలున్నాయి. లంక అంటే భయమేమిటి, చోద్యం కాకపోతే!"

నాన్న బామ్మని ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకుని దాటించాడు. నీళ్లు కాలి ఎముకల్లోకి దిగాయి. అంత చల్లటి నీళ్లు నేనెప్పుడూ తొక్కలేదు. అవతల బామ్మ సంకల్పం చెప్పుకుంది. నది పుట్టిన కొండ చెప్పింది, పారే దిక్కు చెప్పింది, తోటలు చెప్పింది, కలిసే సముద్రం చెప్పింది. కట్టేసిన నీళ్ల సంగతి మాత్రం వదిలేసింది. ముక్కు పట్టుకుని మునిగి, "అమ్మో!" అని కేక పెట్టి లేచింది. అరిటాకు లేదు కాబట్టి అల్యూమినియం ఫాయిల్‌తో దొన్నె చేసి అందులో వత్తి వెలిగించి వదిలింది. అది గిర్రున తిరిగి క్షణంలో కనపడకుండా పోయింది.

తర్వాత బామ్మ పొడిచీర కట్టుకుని ఎండకి వీపు పెట్టి జపానికి కూర్చుంది. రాళ్లు వెచ్చగా ఉన్నాయి. నాన్న టోపీ ముఖం మీద వేసుకుని పడుకున్నాడు. రెండు రోజుల డ్రైవింగ్ కదా, పడుకోవడంతోనే గురక. నేను మా ఒడ్డు వైపు నీటి అంచున కూర్చుని చిన్న ఆనకట్ట కడుతున్నాను. వరసగా రాళ్లు పేర్చి మధ్యలో ఇసక కూరుతున్నాను. కట్టింది మునిగిపోయింది. సరిగా కట్టలేదనుకుని కాస్త వెనక్కి జరిగి ఇంకోటి కట్టాను. అదీ మునిగింది. మళ్లీ వెనక్కి జరిగాను. ఇంజనీరు కూతుర్ని అయ్యుండి ఒక్క ఆనకట్టా నిలబెట్టలేకపోతున్నానే అని నాకు ఏడుపొచ్చింది. నీళ్ల చప్పుడు పొద్దుటికంటే బరువుగా ఉంది. అదీ నాకు తట్టలేదు.

తలెత్తి చూస్తే అవతల ఒడ్డున అమ్మ చేతులూపుతోంది. నోరు తెరిచి ఏదో అంటోంది, మాట వినపడటం లేదు. అన్నానికి రమ్మంటోంది కాబోలనుకుని నేనూ చెయ్యూపాను. అమ్మ ఇంకా గట్టిగా ఊపింది. ఒంగి ఒక పుల్ల తీసి చూపించింది. అది తను నీటి అంచున గుచ్చుకున్న గుర్తట, నీళ్లు దాన్ని దాటేశాయట. తర్వాత తెలిసింది. అమ్మ గిర్రున తిరిగి కారు దగ్గరికి పరిగెత్తింది.

హారన్ మోగింది. ఆగకుండా మోగుతూనే ఉంది.

నాన్న ఉలిక్కిపడి లేచాడు. "ఏవిటా గోల!" అని విసుక్కుంటూ ఒడ్డు వైపు చూశాడు. హారన్ మోగుతూ ఉండగానే అమ్మ మళ్లీ నీటి దగ్గరికి వచ్చేసింది. తమ్ముణ్ణి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి నొక్కుతూనే ఉండమందట. వాడికి జన్మలో దొరకని భాగ్యం. నాన్న కళ్లు అమ్మ మీంచి కిందికి దిగాయి. పొద్దున్న పిక్కలు తడవని పాయ ఇప్పుడు ఒక నది. గులకరాళ్లు కనపడటం లేదు. కొమ్మలూ నురగా కొట్టుకుపోతున్నాయి. మేం వచ్చినప్పుడున్న లంకలో సగం లేదు.

నాన్న ఆకాశం వైపు చూశాడు. చాలాసేపు అలా పైకే చూస్తూ నిలబడ్డాడు. మబ్బు తునక లేదు.

"యాడ చూస్తాండారు! నీళ్లు ఎక్కువైతాండాయి! దాటండి!" భయమేస్తే అమ్మకి పుట్టింటి మాట వచ్చేస్తుంది. హారన్ మధ్యలో ఆ మాటలు ముక్కలుగా వినపడ్డాయి.

నాన్న నన్ను చూశాడు, బామ్మని చూశాడు. ఒకసారికి ఒకరినే మొయ్యగలడు. ఆయన ముఖం అలా పాలిపోవడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

"పిల్లని తీసుకుపో" అంది బామ్మ.

"అమ్మా..."

"చెప్తుంటే నీక్కాదూ! ఎత్తుకో దాన్ని!"

నాన్న నన్ను భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. నేను ఆయన జుట్టు రెండు చేతులా పట్టుకున్నాను. నీళ్లు ఆయన నడుం దాటాయి, ఛాతీకి వచ్చాయి. ఆయన ఒళ్లంతా వణకడం నా కాళ్లకి తెలుస్తోంది. మధ్యలో ఒక రాయి కదిలి ఇద్దరం పక్కకి ఒరిగాం. నోట్లోకి నీళ్లు పోయాయి. మళ్లీ తల పైకొచ్చేసరికి అమ్మ నీళ్లలో ఉంది. బాత్‌టబ్బుకి భయపడే మా అమ్మ, ఒక చేత్తో ఒడ్డు పొద పట్టుకుని, నడుం లోతు నీళ్లలో నిలబడి రెండో చెయ్యి చాపింది. నా రెక్క దొరికింది. ఊడొస్తుందేమో అన్నంత గట్టిగా లాగింది.

నాన్న ఒడ్డున పడి దగ్గి, వెంటనే లేచి మళ్లీ దిగాడు. ప్రవాహం ఆయన్ని పక్కకి తోసేసింది. ఇంకోసారి దిగాడు. అమ్మ ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి గుంజింది. "మీరూ పోతే ఎవరు తెస్తారామెను?"

అప్పుడు నాన్న మంచు కొండల వైపు చూశాడు. గొంతు కీచుగా వచ్చింది. "ఇప్పుడొస్తున్న నీళ్లు పొద్దుటి ఎండకి కరిగినవి. మధ్యాహ్నం ఎండ ఇంకా దారిలోనే ఉంది."

అంటే ఇంకా పెరుగుతుందన్నమాట. నాకే అర్థమైంది. ఆ లెక్క ఆయనకి తెలియక కాదు. ఎండ కాస్తే నది నిండటం ఎన్ని పుస్తకాల్లో చదివుంటాడో. కాని గోదారి ఒడ్డున పెరిగిన ఒళ్లు, వరదంటే మబ్బునే వెతుక్కుంది.

"మీరు పోయి మనుషుల్ని పిల్చకరాండి. నేనుంటా" అంది అమ్మ.

ఆ కొండల్లో ఫోన్ ఎక్కడిది. కింద క్యాంప్‌గ్రౌండ్ దగ్గర రేంజర్లున్న గది ఒకటి పొద్దున్న దారిలో చూశాం. నాన్న తడిబట్టలతో కారెక్కాడు. తమ్ముడు అప్పటికీ హారన్ వదల్లేదు. దింపితే ఏడ్చాడు. కారు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయాక ఉన్నట్టుండి నది హోరు తప్ప ఇంకేమీ లేదు.

అమ్మ నన్ను నది పైకొస వైపు తిప్పి నిలబెట్టింది. "నువ్వు పైకే చూస్తా ఉండు. పెద్ద మాను ఏదన్నా కొట్టుకొస్తాంటే చెప్పు." తను బామ్మ మీదినుంచి కళ్లు తిప్పలేదు.

బామ్మ పొదల దగ్గరికి, దిబ్బ మీద అన్నిటికంటే ఎత్తయిన చోటికి వెళ్లింది. కేక వేస్తే వినపడదు. అమ్మ చెయ్యి పైకెత్తింది. అక్కడ బామ్మ చెయ్యెత్తింది. బాగానే ఉన్నాను అని. కాసేపయ్యాక అమ్మ మళ్లీ ఎత్తింది. బామ్మ మళ్లీ ఎత్తింది. ఇన్నాళ్లూ ఒకే వంటింట్లో తిరుగుతూ పట్టుమని పది మాటలు మాట్లాడుకోని ఇద్దరూ ఆ మధ్యాహ్నమంతా అలా చేతులతో మాట్లాడుకున్నారు.

లంక చిన్నదవుతోంది. నా ఆనకట్టలున్న చోటు ఎప్పుడో పోయింది. నాన్న టోపీ పోయింది. బామ్మ బుట్ట తేలి, అరటిపళ్లతో సహా మా ముందునించే కొట్టుకుపోయింది. తమ్ముడు దానికి టాటా చెప్పాడు. నీళ్లు బామ్మ పాదాలకి వచ్చాయి.

అమ్మ చెయ్యెత్తింది. బామ్మ ఎత్తలేదు.

పొదల్లో తెల్లచీర వంగి కనపడుతోంది, అంతే. అమ్మ మళ్లీ ఎత్తింది. జవాబు లేదు. "అత్తయ్యా!" అని అరుస్తూ అమ్మ నీళ్లలోకి దిగింది. నేను పైకి చూడటం మానేసి అమ్మ కొంగు పట్టుకుని లాగాను. తమ్ముడు నన్ను పట్టుకున్నాడు. "అత్తయ్యా! అత్తయ్యా!" అమ్మ గొంతు పగిలిపోయింది. నాకు బామ్మ అంటే భయం, కాస్త కోపం కూడా ఉండేవి. ఆ క్షణంలో మాత్రం దేవుడా, బామ్మని ఇచ్చెయ్యి, ఇంకెప్పుడూ పల్లీలు దొంగతనం చెయ్యను అని మొక్కుకున్నాను.

తెల్లచీర లేచింది. చెయ్యి పైకి వచ్చింది. ఇంతసేపూ ఆవిడ తడిచీర పిండి, దాంతో తన నడుం పొద మొదలుకి కట్టుకుంటోందట. మా బామ్మ మొండిది. నేను ఇప్పుడు గర్వంగా చెప్పుకునే మాట అది.

ఎండ కొండ వెనక్కి దిగే వేళకి నాన్న వచ్చాడు. వెనకే ఇంకో ట్రక్కు. అందులోంచి తాళ్లూ, గాలి నింపిన పడవా, ఇద్దరు రేంజర్లూ దిగారు. నది పైవైపు నుంచి తాడు కట్టి, పడవలో దాన్ని పట్టుకుంటూ దాటారు. నాన్న కూడా వస్తానంటే ఒడ్డునే కూర్చోమన్నారు. బామ్మకి మోకాళ్ల లోతు నీళ్లు. ఆవిడ కట్టుకున్న ముడి విప్పడం వాళ్ల వల్ల కాలేదు, కత్తితో కోశారు. తెల్లచీర మీద నారింజ రంగు లైఫ్ జాకెట్ తొడిగి పడవలో కూర్చోబెట్టారు. పడవ మధ్యలో ఒకసారి పక్కకి లేచింది.

ఒడ్డుకి తెచ్చి నిలబెట్టారు. పెదవులు నల్లబడిపోయాయి, కాళ్లు నిలవడం లేదు. అమ్మ దుప్పటి పట్టుకుని పరిగెత్తింది. ఆఖరి అడుగులో ఆగిపోయింది. అలవాటు మరి. తడిబట్టతో ఉంటే బామ్మ మడి, ఎవరూ తగలకూడదు. దుప్పటి చేతుల్లో పట్టుకుని అడిగింది.

"అత్తయ్యా, ముట్టుకోవచ్చా?"

బామ్మ అమ్మ ముఖంలోకి చూసింది. "నా మొహం మడి! పట్టుకోవే తల్లీ, పడిపోతున్నాను."

అమ్మ దుప్పటితో సహా ఆవిణ్ణి వాటేసుకుంది. ఇద్దరూ అలాగే గడ్డిలో కూలబడ్డారు. నాన్న దగ్గరికి రాలేక దూరంగా నిలబడి ముఖం అటు తిప్పుకున్నాడు. కాసేపటికి దుప్పటిలోంచి బామ్మ గొంతు వినపడింది.

"పొద్దుట్నించీ ఏమీ తినలేదే. ఆ పులిహోర ఉందా?"

నేను పరిగెత్తుకెళ్లి డబ్బా తెచ్చాను. చల్లారి గట్టిపడిన పులిహోర. బామ్మ వేళ్లు కొంకర్లు పోయి ముద్ద పట్టలేకపోయాయి. అమ్మ కలిపి నోట్లో పెట్టింది. బామ్మ కళ్లు మూసుకుని నమిలింది. ఇంకో ముద్ద. ఇంకోటి. ఉన్నట్టుండి ఆగి, నోట్లో వెతుక్కుని, కళ్లు తెరిచింది.

"బాగుందే అమ్మాయ్. పల్లీలు వెయ్యవేం?"

అమ్మ డబ్బాలోకి చూసింది. తర్వాత మా ఇద్దరి వైపు చూసింది. ఏడుస్తూనే నవ్వడం మొదలెట్టింది.

మర్నాడు ఇంటికి వచ్చాక బామ్మ మళ్లీ మడి కట్టుకుంది, మళ్లీ తన స్టవ్వు వెలిగించుకుంది. మనుషులు ఒక్కరోజులో మారిపోరు. కాని రోజూ సాయంత్రం అమ్మ ఉద్యోగం నుంచి వచ్చి వంట చేస్తుంటే, చెయ్యి చాపి, "ఏదీ, ఒక ముద్ద పెట్టు" అనేది. అమ్మ పెట్టేది. పెన్నేటి మీద వేళాకోళం మా ఇంట్లో ఆగిపోయింది. నాన్న ఆ మ్యాప్ తర్వాత ఎప్పుడూ విప్పలేదు. ఎప్పుడైనా మేం ఈతకొలనుకి బయల్దేరితే బామ్మ అడిగే మొదటి మాట ఒకటే: "ఒడ్డున ఎవరున్నారు?"

బామ్మ ఇండియాకి వెళ్లిపోయేటప్పుడు మేం ఎయిర్‌పోర్టులో గేటు దాకా వెళ్లాం, ఆ రోజుల్లో వెళ్లనిచ్చేవాళ్లు. బామ్మ అద్దం అవతలికి వెళ్లి వెనక్కి తిరిగింది. అందరిలా చెయ్యి ఊపలేదు, పైకెత్తి పట్టుకుంది. అమ్మ కూడా ఎత్తింది. వాళ్లిద్దరూ మళ్లీ కలుసుకోలేదు.

ఇప్పుడు ముగ్గురూ లేరు. స్టేషన్ వ్యాగన్ లేదు, చేతికి ఊరికే మ్యాపులిచ్చే బంకులు లేవు, అద్దం దాకా పోనిచ్చే ఎయిర్‌పోర్టులు లేవు. చింతపండు మాత్రం గింజ తీసింది దొరుకుతోంది.

మనవరాలికి ఇదంతా చెప్పే వ్యవధి లేదు. బయట కారు హారన్ కొడుతున్నారు. కూలర్ మోసుకుపోతుంటే ఒకటే చెప్పాను. "నీళ్లలోకి అందరూ దిగొద్దు. ఒకరు ఒడ్డున ఉండి పైకి చూస్తూ ఉండాలి. ఎండ ఎంత బాగుంటే అంత జాగ్రత్త." 

"ఓకే ఓకే అమ్మమ్మా" అని నా బుగ్గ మీద ముద్దు పెట్టి పోయింది. విన్నదో లేదో.

నిన్న మధ్యాహ్నం ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. నీలంగా ఆకాశం, మబ్బు తునక లేదు. గులకరాళ్లు, నది. నీళ్లలో పిల్లలు నవ్వుతున్నారు. ఒక్కొక్క ముఖమే వేలితో పెద్దది చేసి వెతికాను. మా పిల్ల లేదు. ఫోన్ చేశాను, తియ్యలేదు. నువ్వెక్కడ అని మెసేజ్ పెట్టాను. ఆ చిన్న చుక్కలు కదిలి ఆగాయి, కదిలి ఆగాయి. చివరికి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక నది హోరు. ఎన్నేళ్లయినా నేను గుర్తుపట్టే హోరు.

"అమ్మమ్మా, పిక్ తీసింది నేనే కదా. నేను ఒడ్డు మీద ఉన్నాను. ఒక స్టిక్ పెట్టాను, అది వాటర్‌లోకి వెళ్లిపోయింది, సో అందర్నీ బయటికి రమ్మన్నాను. ఇంకా సన్ ఉంది, ఫన్ పాడు చేశావ్ అని అందరూ నా మీద మ్యాడ్‌గా ఉన్నారు."

పుల్ల సంగతి నేను దానికి చెప్పలేదు. మా అమ్మాయి చెప్పిందేమో. మా అమ్మాయికి మా అమ్మ చెప్పి ఉంటుంది.

వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఫోన్ స్టవ్వు పక్కన పెట్టి, ఎవరూ చూడటం లేదు కదా అని, చెయ్యి పైకెత్తి కాసేపు అలాగే ఉంచాను.